పరిశోధకుని శిష్యుడు – నా శిష్యుడు



తర్కసంగ్రహాన్ని వేదపాఠశాలలో కంఠస్థం చేశాను. అయితే అందులోని విషయం జీవితానికి ఎలా అన్వయిస్తుందో మొదట సూచించినవి అపరాధ పరిశోధక నవలలని చెబితే విజ్ఞులు నవ్వవచ్చును.

పాఠశాలలో నవలాపఠనం నిషిద్ధం. ఒక వేసవి సెలవులలో మేనమామగారి ట్రంకుపెట్టెలో అట్ట ఊడిన పుస్తకమొకటి దొరికింది. అది వంగదేశీయుడైన పాంచ్‌కడి దే రచనకు తెలుగు అనువాదం. ఆయన నవలలలో అరిందముడు ఆరితేరిన పరిశోధకుడు; యువకుడైన దేవేంద్రవిజయుడు ఆయన శిష్యుడు. గుర్రపుబండ్ల కాలపు కథలవి, నేటివారికి చరిత్రయే. తరువాత మన తెనాలిలో జన్మించిన కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌ను, అతని అసిస్టెంటు రాజును కూడా ఎరిగాను. ఇటువంటి నవలలలో గురుశిష్యులిద్దరికీ కనబడే ఆధారాలు అవే. భేదమంతా వాటినుండి చేసే అనుమానంలో ఉన్నది. శిష్యుడు సందేహాన్ని నిర్భయంగా అడుగుతాడు. అడిగినందువలననే గురువు యుక్తి పరీక్షకు నిలుస్తుంది.

తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో హేత్వాభాసలను ఐదింటిని నిరూపించాడు. వాటిలో మొదటిది సవ్యభిచారం. పొగను చూచి నిప్పును ఊహించడం యుక్తమే. నిప్పును చూచి పొగ ఉండితీరుతుందనడం దోషం. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. తడికట్టె తోడైనప్పుడే నిప్పునుండి పొగ వెలువడుతుంది. ఆ తడికట్టె సంయోగమే ఉపాధి. ఇంతవరకూ నేను ఏళ్ల తరబడి శిష్యులకు బోధించినదే.

రెండేండ్ల క్రితం ధనుర్మాసంలో, తాడేపల్లిలో నేను అర్చకత్వం చేసే ఆలయంలో వెండి ఉద్ధరిణి కనబడలేదు. ఆ వేకువ గర్భాలయంలోకి వెళ్లినవాడు నా వద్ద విద్య నేర్చుకుంటున్న పదునాలుగేండ్ల బాలుడు. భక్తులు వినుచుండగానే వానిని నిలదీశాను.

"నేను తీయలేదు గురువుగారూ" అన్నాడు.

"మరి ఇంకెవరు వెళ్లారు లోపలికి?" అని గద్దించాను.

వాడు తల వంచుకున్నాడు. ఆ మౌనాన్ని అపరాధానికి అంగీకారంగా గ్రహించాను.

మూడవనాడు ఆలయం వెనుక నందివర్ధనం పాదుకు నీరు పోస్తుండగా, వాడిన పూల నడుమ ఉద్ధరిణి మెరిసింది. ఆ వేకువ నిర్మాల్యం తీసి అక్కడ పోసినవాడను నేనే. గర్భాలయ ప్రవేశమే హేతువైతే అది నాయందును ఉన్నది. నా ప్రశ్నకు సమాధానం ఆ బాలునికి తెలుసు. "మీరు" అనడానికి వానికి నోరు రాలేదు. శిష్యునికి వినయం నేర్పాననుకున్నాను. నిజానికి నేర్పినది భయమే.

ప్రత్యక్షంగా చూచినది ఏది, మనం ఊహించినది ఏది అన్న వివేకం పుస్తకంలో సులభం. కోపం వచ్చిన క్షణంలో ఊహయే ప్రత్యక్షమై తోస్తుంది. నవలలో పొరపాటు ఊహ కథకు ఒక మలుపు మాత్రమే. ఇక్కడ అది ఒక బాలుని మూడు రాత్రుల నిద్రను హరించింది.

ఏ భక్తుల ఎదుట నిందించానో వారి ఎదుటనే, మరునాడు తీర్థప్రసాద వినియోగానికి ముందు, తప్పు నాదని చెప్పాను. వాడు నా పాదాలకు నమస్కరించాడు గాని, చాలాకాలం పాఠంలో ఒక్క సందేహమైనా అడుగలేదు. అదే నాకు పడిన శిక్ష.

గత సంవత్సరం మరల హేత్వాభాసలు చెప్పవలసి వచ్చినప్పుడు ఇనుపగుండుకు బదులుగా ఆ ఉద్ధరిణినే ఉదాహరించాను. పాఠం ముగించి లేవబోతుండగా వెనుక వరుస నుండి వాని స్వరం వినవచ్చింది.

"గురువుగారూ, ఉపాధి చెప్పడం మరిచారు."

నిజమే, మరిచాను. తిరిగి కూర్చుని పాఠం కొనసాగించాను.

స్వస్తి.