ఇప్ప రుచి

వైన్ క్లబ్బుల్లో తయారుచేసినవాడే వచ్చి, ద్రాక్ష ఏ నేలదో, ఏ ఏటిదో చెప్పి రుచి చూపిస్తాడట. గడ్డపోతారం మందుల కంపెనీల పక్కన మా గదికి ఉట్నూరు వైపు నుంచి వచ్చిన మామ కూడా అంతే చేశాడు. మేము గోండులం. ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున రాలిన ఇప్పపూలు ఏరి, ఎండబెట్టి, నానబెట్టి, పులిశాక కాచిన సారా అది. ముందు దేవుళ్లకు, పెద్దలకు నేల మీద నాలుగు చుక్కలు వదిలాడు. తర్వాతే మాకు పోశాడు. "మొదట దిగింది ఘాటు, తర్వాతది మెత్తన" అన్నాడు. రసాయనాల కంపుకు అలవాటైన ముక్కులకు అడవి తగిలింది.

మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి 2021లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా అమ్ముతామని ప్రకటించారు. ఇక్కడ అదే కాస్తే నాటుసారా కేసు. మా పూజలో, పెళ్లిలో, చావులో ఉన్నదాన్ని సంచి అడుగున దాచి తేవాల్సి వచ్చింది. తాగి ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్లనూ చూశాను. అయినా, కాచినవాడు తన పేరు చెప్పి గ్లాసు అందించే రోజు రావాలి.