అరకులోయకు మా ప్రయాణము

విశాఖపట్టణమునుండి కిరండోలునకు పోవు రైలుమార్గము మన ప్రాంతములోని మార్గములన్నిటిలోను చూడదగినదని నా యభిప్రాయము. బైలదిల్లా కొండలలోని యినుపరాతిని సముద్రతీరమునకు దింపి ఓడల కెక్కించుటకై 1960వ దశకములో దీనిని నిర్మించిరి. ఇనుముకొరకు వేసిన దారిమీద ఇప్పుడు పిల్లలును పెద్దలును వినోదార్థము పోవుచున్నారు. కొత్తవలస, శృంగవరపుకోట, బొడ్డవర దాటువరకు అంతయు మైదానమే. మామిడితోటలు, తాళ్లు, వరిమళ్లు. శివలింగపురము చేరునప్పటికి బండి మెల్లమెల్లగా కొండ నెక్కసాగును. అటుపిమ్మట ఒకవంక రాతిగోడ, ఒకవంక లోయ. అరకు చేరులోపల 58 సొరంగములున్నవని చెప్పుదురు.

ఈ సొరంగముల సంగతియే మా యింట నెలదినములు చర్చకు కారణమైనది. మా చిన్నవానికి ఐదేండ్లు నిండినవి. వానికి ఆటిజము కలదని మూడవయేట వైద్యులు నిర్ణయించిరి. ఈ పేరు మన పాఠకురాండ్రలో చాలమంది వినియే యుందురు. వినని వారికొరకు రెండు మాటలు చెప్పెదను. వాడు ‘అమ్మా’ యని పిలువడు. పిలిచిన తిరిగి చూడడు. కావలసిన వస్తువును వ్రేలితో చూపడు, నా చేయి పట్టుకొని ఆ వస్తువు కడకు తీసికొనిపోవును. అంకె లన్న ప్రాణము. నూరువరకు తప్పులేకుండ వ్రాయును. కుక్కరు కూత వినిన చెవులు మూసికొని నేలపై దొరలును. నిన్నటివలెనే నేడును జరుగవలెను. కంచము మారినను, దారి మారినను, వానికి లోకము తల్లక్రిందులైనట్లే.

రెండేండ్లక్రిందట బంధువులయింట పెండ్లిలో బాజాలు మ్రోగగానే వాడు పెట్టిన కేకలకు పెండ్లివారందరును మావైపు తిరిగిరి. ఆనాడు విన్న మాటలను ఇచ్చట వ్రాయను. నాటినుండి మేము నలుగురము కలిసి ఏ యూరికిని పోలేదు. మావారు అమ్మాయిని తీసికొని పోయినపుడు నేను ఇంట నుందును; నేను పోయినపుడు ఆయన యుందురు. ఒక సంసారము రెండు ముక్కలై నడచుచుండెను.

“వాణ్ణి నా దగ్గర వదిలేసి మీరు ముగ్గురూ వెళ్లి రండమ్మా. పసివాణ్ణి హింసపెట్టడం ఎందుకు?” అని మా అత్తగారనిరి. ఆమె మాటలో దయయే కాని విసుగు లేదు. కాని తొమ్మిదేండ్ల మా యమ్మాయి, “తమ్ముడు రాకపోతే నేనూ రాను” అని భీష్మించెను. ఆ మాటతో ప్రయాణము స్థిరపడినది.

వానికి శిక్షణ యిచ్చు ఉపాధ్యాయిని సలహాపై ఒక పొడుగుపాటి అట్టపై వరుసగా బొమ్మ లంటించితిమి: ఆటో, స్టేషను, రైలు, సొరంగము, గుహ, జీపు, బస చేయు గది, తిరిగి మా యిల్లు. ప్రతి రాత్రియు పండుకొనబోవుముందు వానికి దానిని చూపుచుంటిమి. అమ్మాయి మంచమునకు నలువైపుల దుప్పట్లు వ్రేలాడదీసి సొరంగము చేసినది. తాను ఇంజనై కూతవేయుచు ముందు దూరును. తమ్ముడు వెనుక దూరవలెను. మొదటి మూడు దినములు వాడు దూరలేదు. నాలుగవనాడు దూరెను, ఐదవనాడు బయటికి రమ్మన్నను రాలేదు. చప్పుడు తగ్గించు చెవితొడుగులు, వాని కంచము, వాని చెంబు, పెరుగన్నము డబ్బా సర్దుకొని, మార్గశిరమాసములో బయలుదేరితిమి.

బండి తెల్లవారిన కొంతసేపటికే విశాఖపట్టణమునుండి కదలును. ఆ వేళకే స్టేషనంతయు జనము. మైకులోని కేకలు వినగానే మావాడు ప్లాటుఫారముపై చతికిలబడెను. మావారు వానిని భుజముపై వేసికొని పరుగెత్తి బండిలో కిటికీకడ కూర్చుండబెట్టిరి. ఊరు దాటువరకు వాని యేడుపు ఆగలేదు.

మా యెదుటి బల్లపై ముతక నేతచీర కట్టిన వృద్ధు రాలొకతె కూర్చుండెను. ఆమె చాలసేపు ఓపికపట్టి, “ఏమ్మా, ఒక్క దెబ్బ వెయ్యి, ఊరుకుంటాడు. మీరంతా గారాబం చేసి చెడగొడతారు” అనెను.

“గారాబం కాదు మామ్మగారూ. వాడికి ఆటిజం అనే పరిస్థితి ఉంది. చప్పుళ్లకి మనకంటే ఎక్కువ బాధపడతాడు” అంటిని.

“తల్లి సరిగ్గా మాట్లాడకపోతే పిల్లలకి మాటలు రావంటారు. నువ్వు ఉద్యోగం చేస్తున్నావా?”

సోదరీమణులారా, ఈ ప్రశ్న ఆమె యొక్కతెదే కాదు; చదువుకొన్న దేశములలో పెద్ద పెద్ద పండితులును ఇదే యడిగిరి. అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు 1943లో 11 మంది పిల్లలను వర్ణించి ఈ స్థితిని లోకమునకు తెలిపెను. అటుపిమ్మట కొన్ని దశాబ్దములు, తల్లిదండ్రుల మనసులు, ముఖ్యముగా తల్లి మనసు, మంచువలె చల్లనైనందుననే బిడ్డ యిట్లగునని విద్వాంసులు వ్రాసిరి. కన్నతల్లులు ఆ వ్రాతలను చదివి ఎంత కుమిలియుందురో మనము ఊహించుకొనవచ్చును. బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు, తానును అట్టి బిడ్డకు తండ్రియే, 1964లో గ్రంథము వ్రాసి ఆ వాదమును ఖండించెను. 1977లో ఇంగ్లండులో కవలపిల్లలను పరీక్షించిన పరిశోధకులు దీనికి పుట్టుకతోనే సంబంధము గలదని చూపిరి. టీకాలవలన కలుగునని 1998లో ఒక వైద్యపత్రికలో వచ్చిన వ్యాసమును ఆ పత్రికయే 2010లో ఉపసంహరించుకొన్నది. ఇంత జరిగినను, రైలుబల్లపై కూర్చుండిన తల్లి నేటికిని సంజాయిషీ చెప్పుకొనుచునే యున్నది.

ఇదంతయు నేను ఆమెకు చెప్పలేదు. “ఎవరి తప్పూ కాదు మామ్మగారూ, పుట్టుకతో వచ్చింది” అని మాత్రమంటిని. ఆమె ఊరకుండెను.

మొదటి సొరంగములో వాడు నా పొట్టలో తల దూర్చి అరచెను. రెండవదానిలోను అంతే. అప్పుడు అమ్మాయికి ఒక యుపాయము తోచినది. నోటుపుస్తకము తీసి 1, 2 అని వ్రాసి, మూడవ సొరంగము రాగానే వాని కన్నులయెదుట 3 వ్రాసెను. వాడు అరపు మాని చూచెను. నాలుగవదానికి 4. పుటయడుగున, “ఇన్ని వస్తాయిరా” అని 58 వేసి గీతగీసినది. ఎనిమిదవదానికి ఇంజను కూతవేయగానే మావాడు అక్క చేతిలోని పెన్సిలు లాగుకొని చీకటి రాకముందే తానే 8 వ్రాసెను. అటుపిమ్మట ఆ పుస్తకము మాకు దక్కలేదు. కూత వినబడగానే చెవితొడుగు సవరించుకొనుట, అంకె వ్రాయుట, వెలుగు రాగానే కిటికీవైపు చూచుట. ఒకసారి నవ్వెను కూడ.

వృద్ధురాలు ఇదంతయు గమనించుచుండెను. ఒక సొరంగము దాటినపిమ్మట ఎవరి మొగమును చూడకయే చెప్పసాగెను: “మా తమ్ముడొకడుండేవాడు. మాటల్లేవు. తాటిచెట్లు లెక్కపెడుతూ గట్టుమీద తిరిగేవాడు. చుట్టాలొస్తే మా నాన్న వాణ్ణి పశువులశాలలో పెట్టి తలుపేసేవాడు. నా పెళ్లినాడూ అక్కడే ఉన్నాడు.” పిమ్మట, “వాడికీ ఇదేనేమో” అనెను. నేనేమి చెప్పగలను? కొంతసేపటికి, “దీనికి మందు లేదా?” అని యడిగెను. ఈ స్థితిని పోగొట్టు మందు లేదనియు, చిన్ననాటినుండి ఓర్పుతో నేర్పిన మాట, పని, కలుపుగోలుతనము కొంతకొంత అలవడుననియు చెప్పితిని. తన కొంగుముడిలోని వేరుసెనగకాయలు తీసి మావాని ప్రక్క వరుసగా పేర్చెను. వాడు లెక్కించెనే కాని తినలేదు.

త్యాడ, చిమిడిపల్లి దాటిన పిమ్మట అడవి దట్టమైనది. లోయ యడుగున నీటివాగు తెల్లని దారమువలె కనబడినది. బొఱ్ఱాగుహలు స్టేషనులో దిగి, గుహలు చూచి, జీపులో అరకు చేరవలెనని మా సంకల్పము. బొమ్మల అట్టపై కూడ సొరంగము తరువాత గుహయే యున్నది. కాని పుస్తకములో 58 రాలేదు. సామాను దింపుచు మావారును అమ్మాయియు ప్లాటుఫారముపై కాలుపెట్టిరి. మావాడు బల్లకోడు నంటుకొని కదలడు! లాగిన అరపు. నేను వాని ముఖము చూచితిని. అది మొండితనము కాదు, చదువుచున్న కథ సగములో పుస్తకము లాగుకొన్నప్పటి బాధ. బండి కదలుటకు కూత వేయుచున్నది. “మీరు ఎక్కండి!” అని కేకవేసితిని. మావారు ఒక చేత పెట్టె, ఒక చేత అమ్మాయిని పట్టుకొని మరల ఎక్కిరి.

బండి కదలినది. అమ్మాయి కిటికీవైపు తిరిగి కూర్చుండి నిశ్శబ్దముగా ఏడ్చుచుండెను. గుహలు చూడవలెనని నెలదినములనుండి కలలుగన్న బిడ్డ! తమ్ముని అరపు బోగీ యంతయు వినును. అక్క యేడుపు ఎవరు విందురు? ఇట్టి బిడ్డలున్న యిండ్లలో రెండవబిడ్డ పెద్దరికము త్వరగా నేర్చుకొనునని అందరును మెచ్చుకొందురు. ఆ మెప్పు వినినప్పుడెల్ల నాకు గుండెలో కలుక్కుమనును. తొమ్మిదేండ్ల పిల్లకు పెద్దరిక మెందుకు?

కరకవలస, శిమిలిగూడ దాటితిమి. శిమిలిగూడ సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల యెత్తున నున్న స్టేషను. అచ్చట గాలియే వేరు. అరకులో దిగునప్పటికి మా లెక్క 58కి రెండు తక్కువగా వచ్చినది. టీ త్రాగు సందడిలో ఏవో పోయియుండును. మావాడు ప్లాటుఫారముపై నిలువబడి, మిగిలిన రెండంకెలను తానే వ్రాసి, పుస్తకము మూసి, అక్క చేతి కిచ్చి, నడువసాగెను.

మరునాడు మావారు అమ్మాయి నొక్కదానినే జీపులో గుహలకు తీసికొనిపోయిరి. అది ఆమె దినము కావలెనని నేనే పట్టుపట్టితిని. కావున బొఱ్ఱాగుహలను గూర్చి నేను చెప్పునది అమ్మాయి చెప్పినదే: కోటివలె పెద్ద నోరు, మెట్లు దిగినకొలది చల్లదనము, పైకప్పునుండి సున్నపురాయి జారి గడ్డకట్టి స్తంభములైనవట, ఎఱ్ఱని పచ్చని దీపములు, గబ్బిలముల కంపు, లోపల శివలింగము, క్రిందుగా గోస్తనీనది. “అమ్మా, నీళ్లు చుక్క చుక్కగా పడి ఇంత పెద్దవైపోయాయట. ఎన్ని వేల ఏళ్లో!” అని చేతులు చాచి చూపెను.

నేనును చిన్నవాడును పద్మాపురపు తోటకు పోతిమి. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942లో, సైనికులకు కూరగాయలు పండించుటకు వేసిన తోట యది. వానికి గులాబీలు పట్టలేదు. తోటలో పిల్లలను త్రిప్పు చిన్నరైలు పట్టినది. ఎక్కడు, చక్రములు చూచుచు గంటసేపు నిలుచుండెను. తిరిగి వచ్చునపుడు వలిసెచేను కనబడెను. కనుచూపుమేర పసుపు ఆరబోసినట్లున్న ఆ పూలయెదుట వాడు చేతులు రెక్కలవలె ఆడించుచు గంతులు వేసెను. కలుపు తీయుచున్న గిరిజనస్త్రీ తల యెత్తి చూచి, “బాబుకి పూలు నచ్చాయి” అనెను. మాటలు రావా యని యడుగలేదు, వింతగా చూడలేదు. మరల తన పనిలో వంగెను.

ఇట్టి బిడ్డలుగల తల్లులకు పనికివచ్చు సంగతి యొకటి: సికిందరాబాదులోని మనోవికాసనగరమున 1984లో నెలకొల్పిన జాతీయసంస్థ యున్నది, అచ్చట పిల్లలను పరీక్షించి తల్లిదండ్రులకు నేర్పుదురు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో ఆటిజమును పేర్కొనిరి. ధ్రువపత్రము తీసికొనుటకు సిగ్గుపడకుడు. బడిలో చేర్చునపుడు అది యక్కరకు వచ్చును.

తిరుగుప్రయాణము అనంతగిరి ఘాటుదారిన కారులో చేసితిమి. వెండియోకు చెట్లనీడను కాఫీమొక్కలు, చెట్లకు ప్రాకిన మిరియపుతీగలు. అరకుకాఫీకి 2019లో భౌగోళికగుర్తింపు వచ్చినది. అత్తగారికొరకు అరకిలో పొడి కొంటిమి. దారిమలుపులకు అమ్మాయికి వాంతులైనవి, చిన్నవాడు నిద్రపోయెను.

వెళ్లదలచినవారికి: అద్దాలబోగీ 2017 నుండి నడచుచున్నది, కాని మావానివంటి పిల్లలకు మామూలు బోగీయే మేలు, గాలి తగులును. శీతకాలమున శాలువలు తప్పనిసరి. గుహలలో మెట్లు జారును. అత్తగారు నోటుపుస్తకమును ఇటునటు త్రిప్పి చూచి, “వచ్చే ఏడు నేనూ వస్తాను. ఈసారి 58 అని ముందుగా రాయకండి; గుహల దగ్గర దిగాలి నేను” అనిరి.