తప్పు జవాబుకు డప్పు

డప్పు కొట్టే పిల్లగాడికి ఆ సాయంత్రం మెట్‌పల్లిలో పెళ్లి బరాత్ ఉంది. ఆరింటికి వదిలేయాలని ముందే ఒప్పందం. మేము షూటింగ్ మొదలుపెట్టిందే నాలుగున్నరకు. అందుకే మా కామెడీ క్విజ్ తొలి ఎపిసోడ్‌లో సగం దాకా డప్పు మోగుతుంది, ఆ తర్వాత నేను స్టీలు బేసిన్ మీద గరిటెతో కొట్టిన చప్పుడు వస్తుంది. ఆ తేడా తెలిసింది నాకూ ఎడిటర్‌కే. ఆ ఎపిసోడ్ ఎవరి టీవీలోనూ రాలేదు.

అది 2018. జగిత్యాలలో ఒక లోకల్ కేబుల్ ఛానల్లో పనిచేసేవాణ్ని. పొద్దున వార్తలు చదవాలి, మధ్యాహ్నం బట్టల షాపు ప్రకటనలకు గొంతివ్వాలి, పండుగొస్తే కొండగట్టు మెట్ల మీద మైకు పట్టుకుని నిలబడాలి. మా దగ్గరి లంబాడిపల్లి నుంచే 'మై విలేజ్ షో' గంగవ్వ అప్పటికే ఫోన్లలో ఇంటింటికీ పోతోంది. మాకూ ఏదో ఒకటి చేయాలని చేతులు దురదగా ఉండేవి.

దారి చూపింది దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన మా బావ. ఆయన హార్డ్ డిస్క్‌లో బీబీసీ 'క్యూఐ' ఉంది. 2003లో మొదలైన ఆ క్విజ్‌కు తొలి యాంకర్ స్టీఫెన్ ఫ్రై. అందరూ చెప్పే తప్పు జవాబే చెబితే సైరన్ మోగి మార్కులు పోతాయి. ఆసక్తికరంగా చెబితే మార్కులొస్తాయి. దానికీ ముందొక ట్రయల్ ఎపిసోడ్ తీశారు, దాన్ని ప్రసారం చేయలేదు. ఆ సంగతి తెలిసినప్పుడు నవ్వుకున్నాను. సైరన్ బదులు డప్పు పెడదామన్నది మాత్రం నా ఆలోచనే.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు జట్లు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలొచ్చాక సిరిసిల్ల మాకు పొరుగు జిల్లా అయింది గానీ, పిలిస్తే బస్సెక్కి వచ్చారు. సిరిసిల్ల నుంచి సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే ఒకన్న. ముప్పై ఏళ్లు ఆ మోతలో బతికాడు, అతనికి మామూలు మాటే కేక. కాలర్ మైకు పెట్టగానే సౌండు పిల్లగాడు హెడ్‌ఫోన్స్ తీసి కింద పెట్టాడు. కోరుట్ల నుంచి బీడీలు చేసే అక్క. జగిత్యాల నుంచి రిటైరైన తెలుగు సారు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో, నోట్సుతో.

క్విజ్‌లో ప్రశ్న రాయడం తేలిక. తప్పు జవాబుకు చోటుండే ప్రశ్న రాయాలంటే నడుం పడిపోతుంది. 'వెయ్యి బీడీలకు ఎన్ని కట్టలు?' అని రాస్తే ఇరవై అయిదు చొప్పున నలభై, అయిపోయింది. కానీ అక్క ఊరుకోలేదు. "నలభై గాదు సారూ. కార్ఖానాల ఏరి పక్కన పడేసినయి తీసేసి చెప్పుర్రి" అంది. హాలు ఘొల్లుమంది. డప్పు మోగింది, యాంకరు కార్డు ప్రకారం మార్కులు కోశాడు. అప్పుడే అనుకున్నాను, తప్పు మా కార్డుదని.

సినారె గురించి అడిగాం. హనుమాజిపేటలో పుట్టి, 'విశ్వంభర'తో 1988కి జ్ఞానపీఠం తెచ్చిన సి.నారాయణరెడ్డిలో 'సి' అంటే ఏమిటని ప్రశ్న. సింగిరెడ్డి. సాంచాల అన్న "సినిమా రెడ్డి" అని అరిచాడు. "గన్ని పాటలు రాసినోనికి ఇంకేం పేరు పెడ్తరు?" అన్నాడు. డప్పు. ఆ తర్వాత నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టేలా నేసిన చీర ప్రస్తావన వచ్చింది. సిరిసిల్ల అన్న ఛాతీ విరిచాడు. కోరుట్ల అక్క తాపీగా, "చీర సరే అన్నా, మరి అగ్గిపుల్లలు ఏడ పెట్టిన్రు? మా బీడీ ఎట్ల ముట్టాలె?" అంది. రెండు పట్నాల బతుకుతెరువు ఒక్క అగ్గిపెట్టెలో ఇరుక్కుంది. నేను వంద ప్రశ్నలు రాసినా ఆ మాట రాయలేను.

తర్వాత నా కార్డే నా కొంప ముంచింది.

జగిత్యాలకు ఆ పేరెలా వచ్చింది? నక్షత్రం ఆకారంలో, చుట్టూ అగడ్తతో ఉన్న మా కోటను 1747లో జాక్, తాల్ అనే ఫ్రెంచి ఇంజనీర్లు కట్టారనీ, ఇద్దరి పేర్లూ కలిసి జగిత్యాల అయిందనీ ఊళ్లో చెప్పుకుంటారు. ఆ చెప్పుకునే మాటనే 'సరైన జవాబు' అని ఎర్ర ఇంకుతో రాశాను. ముగ్గురూ నాలుగు నిమిషాలు విజృంభించారు. అన్న, "జగడాలు ఎక్కువ, అందుకే" అన్నాడు. అక్క, "జెగ్గి అనే ముసల్ది చాయ్ అమ్మేది, జెగ్గి చాయ్‌లు" అంది. హాల్లో నలభై ప్లాస్టిక్ కుర్చీలు కిర్రుమంటున్నాయి. యాంకరు కార్డు చదివాడు. సారు మెల్లగా లేచి, "బాబూ, జాక్ గారు వచ్చేదాకా ఈ ఊళ్లె జనం పేరు లేకుండనే బతికిన్రా? జగ్గదేవుడి పేరు మీద వచ్చిందనేటోళ్లు గూడ ఉన్నరు. మరి డప్పు ఎవలకు కొడ్తరు?" అన్నారు.

డప్పు పిల్లగాడు అప్పటికే మెట్‌పల్లి బస్సులో ఉన్నాడు. గరిటె నా చేతిలో ఉంది. నాకు నేనే కొట్టుకున్నాను.

రెండు గంటల పది నిమిషాల ఫుటేజీని ఇరవై నాలుగు నిమిషాలకు కోయడానికి కూర్చుంటే అసలు దెబ్బ కనబడింది. మైకులు మాట్లాడేవాళ్ల కాలర్లకు పెట్టాం, నవ్వేవాళ్లకు పెట్టలేదు. హాలంతా పగలబడి నవ్వింది, రికార్డులో కూలర్ల బుర్రుమనే శబ్దమే. ఎడిటింగ్ గదిలో సాంచాల అన్న "సినిమా రెడ్డి" అని అరిస్తే, తర్వాత వచ్చేది మౌనం. జోకు పేలలేదన్నట్టు, పాపం, అతను నలువైపులా చూస్తాడు. ఎక్కణ్నుంచో తెచ్చిన నవ్వులు అతికించి చూశాం. అమెరికావాళ్ల నవ్వుల్లా ఉన్నాయి, కోరుట్ల అక్క మాటకు అవి ఎక్కడ అతుకుతాయి?

ఛానల్ పెద్ద ఒకసారి చూసి, "తప్పులు చెప్పి నవ్వుడేంది, పిల్లలు జూస్తరు. జగిత్యాల పేరు మీద లొల్లి మనకెందుకు?" అన్నాడు. సారు ముక్క తీసేస్తే వేద్దామన్నాడు. ఆ ముక్క తీస్తే మిగిలేది నా ఎర్ర కార్డు. నేను తీయనన్నాను, ఆయన వేయనన్నాడు. రెండో ఎపిసోడ్‌కు రాసిన ప్రశ్నలు ఇంకా నా డైరీలో ఉన్నాయి.

కోరుట్ల అక్క మాత్రం చాలాకాలం కనబడ్డప్పుడల్లా, "తమ్మీ, గది ఎప్పుడొస్తదే? అందరికీ చెప్పిన" అనేది. వచ్చే ఆదివారం అని రెండుసార్లు చెప్పాను, మూడోసారి సందు మార్చి నడిచాను. ఆఖరికి సిగ్గుపడి, జగిత్యాల పేరు ముక్క నాలుగు నిమిషాలు కోసి, మస్కట్‌లో ఉన్న ఆమె కొడుకుకు వాట్సాప్‌లో పంపాను. నా కార్డు వచ్చేముందే ఆపేశాను.

క్యాంపు గదిలో ఎనిమిది మంది కలిసి చూశారట. వాయిస్ మెసేజ్ పెట్టాడు. వెనక ఇంకా ఎవరో నవ్వుతున్నారు, ఫోన్ మైకులో ఆ నవ్వు శుభ్రంగా వినబడింది. "అన్నా, అంతా మంచిగనే ఉన్నది. గని సరైన జవాబు ఏంది?"

సారు ఫోన్ నంబరు పంపాను.