తెలుగు అక్షరం అచ్చయిన హాలే పట్టణం

జర్మనీ అనగానే మన సంఘస్థులకు లూథరు గారి విట్టెన్‌బెర్గ్ గుర్తుకు వస్తుంది. హాలే పేరు విన్నవారు తక్కువ. అయినా తెలుగు క్రైస్తవులకు ఆ పట్టణం దగ్గరి చుట్టమే. లైప్‌జిగ్ నుండి రైలులో సుమారు అరగంట ప్రయాణం. మేము ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చాము.

హాలే పూర్వం ఉప్పు ఊటలతో ధనికమైన ఊరు. సంతవీధిలో నాలుగు గోపురాల దేవాలయం ఉంది. 1546 ఫిబ్రవరిలో లూథరు గారి భౌతికకాయాన్ని విట్టెన్‌బెర్గ్‌కు తీసుకువెళ్తూ దారిలో ఇక్కడ ఉంచారు. ఆయన ముఖానికి, చేతులకు తీసిన మైనపు అచ్చులు నేటికీ ఇక్కడే ఉన్నాయి. 'మెస్సయ్య' సంగీతం కూర్చిన హాండెల్ 1685లో ఈ ఊళ్లోనే పుట్టారు. ఆయన విగ్రహం దేవాలయం ఎదుటే ఉంది.

అక్కడినుండి కొంత నడిస్తే ఫ్రాంకే సంస్థలు వస్తాయి. ముఖద్వారం పైన సూర్యుని వైపు ఎగిరే పక్షిరాజులు, యెషయా 40:31 కనిపిస్తాయి. వెనుక వంద మీటర్లకు పైగా పొడవున్న కొయ్య చట్రపు భవనం ఉంది. ఇంత కట్టడానికి మూలం ఏమిటి?

ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే ఊరి వెలుపల బీదల పేటకు పాదిరి. బీదల కోసం ఇంట్లో పెట్టిన పెట్టెలో 1695లో ఒకరు నాలుగు థాలర్లు, పదహారు గ్రోషెన్లు వేశారు. ఆయన ఆ సొమ్ముతో పుస్తకాలు కొని, ఒక బీద విద్యార్థిని ఉపాధ్యాయునిగా పెట్టి, బిచ్చమెత్తే పిల్లలకు బడి తెరిచారు. పంచిన 27 పుస్తకాలలో నాలుగే తిరిగి వచ్చాయట. పిల్లలు పుస్తకాలతో సహా మాయమయ్యారు. అయినా ఆయన బడి మూయలేదు. ఆ బడి వెంట అనాథ గృహం, మందుల శాల, అచ్చుకూటం వచ్చాయి.

1706లో తరంగంబాడికి వచ్చిన జీగెన్‌బాల్గ్ హాలేలో చదువుకున్నవారే. 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ గారు మద్రాసులో తెలుగు నేర్చి, బైబిలును తెనిగించారు. ఆ అనువాదం అచ్చు కాలేదు. 1743లో హాలేకు తిరిగి వెళ్లినా ఆయన తెలుగును మరువలేదు. 1746, 1747లలో ప్రశ్నోత్తరి మొదలైన చిన్న పుస్తకాలను ఇక్కడే తెలుగు అక్షరాలతో అచ్చు వేయించారు. తెలుగులో మొట్టమొదట అచ్చయినవిగా చెప్పే పుస్తకాలు ఇవే. ఆయన 1760లో హాలేలోనే కన్నుమూశారు.

ప్రియ చదువరులారా, ఆ పెట్టెలో డబ్బు వేసినవారు తెలుగు అనే భాష ఉందని విని ఉండరు. పుస్తకం పుచ్చుకొని మళ్లీ రాని పిల్లలు మన సండేస్కూళ్లలోనూ ఉన్నారు. వచ్చే ఆదివారం వారి ఇంటికి ఒకసారి వెళ్లి పిలుద్దామా?