గుడ్ల కాలంలో మా బాతులు

పెంపుడు ప్రాణులనగానే కుక్క, పిల్లి, చిలుక మన మనసులో మెదులుతాయి. బాతును ఆ వరుసలో చేర్చేవారు అరుదు. చెరువు గట్టున సాగే మందగానో, సంతలో గంప కింద మూసి ఉంచిన సరుకుగానో తప్ప, దానికొక స్వభావం ఉంటుందని, ఆ స్వభావం ఋతువును బట్టి మారుతుందని మనం ఆలోచించం. కొన్నేళ్లుగా మా క్వార్టరు పెరటిలో నాలుగు బాతులు పెరుగుతున్నాయి. గౌరి, గంగ, తులసి ఆడవి. దొర మగబాతు. పేర్లు పిల్లలు పెట్టినవే. ఏటా గుడ్ల కాలం రాగానే మా ఇంటికి వచ్చినవారు అడిగే ప్రశ్న ఒక్కటే: "వీటికేమైంది?" నాకు తెలిసినంతలో ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలిసినంతలో అన్నాను గాని, అందులో సగం మా శ్రీమతి చెప్పినదే. ఆమె పుట్టిల్లు కొల్లేటి తీరంలో. వరికోతలు ముగిసిన చేలల్లో బాతుల మందలను తిప్పి మేపడం ఆ ప్రాంతంలో తరతరాల వృత్తి. రాలిన ధాన్యం, నత్తలు తిని బాతులు బలుస్తాయి, గుడ్లు పెడతాయి. ఆ మందల వెంట చిన్ననాడు తిరిగిన కళ్లకు కనిపించేవి పుస్తకం చదివిన నా కళ్లకు ఆలస్యంగా గాని కనిపించవు.

తక్కిన రోజుల్లో మా బాతులు పరమ సాత్వికాలు. ఉదయం గూడు తలుపు తీయగానే వరుసగా నీళ్ల తొట్టి దగ్గరకు నడుస్తాయి. తవుడు, నూకలు కలిపిన మేత తిని సాయంత్రం దాకా కూరపాదుల మధ్య పురుగులు ఏరుకుంటాయి. సంక్రాంతి దాటిన కొద్ది రోజులకు ఈ క్రమం తప్పుతుంది. ఆడబాతులు ఊరికే అరుస్తాయి. కట్టెల మోపు చాటున, అరటి బోదెల వెనుక, పాత బకెట్ల సందున మూలమూలలా వెదుకుతాయి. గడ్డిపరకలు ముక్కుతో లాగి చుట్టూ పేర్చుకుంటాయి. నీళ్లు ఎక్కువగా తాగుతాయి. వెల్ల వేసిన గోడను ముక్కుతో గీకుతాయి. చేతిలో మేత తినే తులసి కూడా ఆ రోజుల్లో దగ్గరకు వెళితే మెడ చాచి బుసకొడుతుంది.

ఈ మార్పుకు మూలం వెలుతురు. మన ప్రాంతంలో డిసెంబరులో దాదాపు 11 గంటలుండే పగలు జూన్ నాటికి 13 గంటలు దాటుతుంది. పగలు పెరుగుతున్నదన్న సంగతి బాతుకు కళ్ల ద్వారా మాత్రమే తెలియదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాక్ బెనువా 1930 దశకంలో బాతుల మీదనే ప్రయోగాలు చేసి, కళ్లతో నిమిత్తం లేకుండా పుర్రెను దాటి మెదడు లోపలికి చేరే వెలుతురు కూడా వాటి జననేంద్రియాలను మేల్కొల్పుతుందని చూపాడు. వెలుతురుకు తోడు మంచి మేత దొరికితే దేహం గుడ్డుకు సిద్ధమవుతుంది. మనకు పెంకితనంగా తోచేది నిజానికి గూటి కోసం వెదుకులాట.

మగబాతు మార్పు మరొక రకం. తోకపై వంకీ తిరిగిన ఈకలతో, బొంగురు గొంతుతో హుందాగా తిరిగే దొర ఈ కాలంలో ఆడవాటిని విశ్రాంతి లేకుండా తరుముతాడు. పట్టు కోసం మెడ వెనుక ఈకలు కరుస్తాడు. ఒక మగబాతుకు ఆరేడు ఆడబాతులుంటే ఈ ఒత్తిడి పంచుకుపోతుంది. మా ఇంట మూడే ఉన్నందున రోజులో కొంత సేపు దొరను వలకంచెకు అవతల ఉంచుతాము. కొట్టడం, అదిలించడం వల్ల ప్రయోజనం లేదు.

బాతు సాధారణంగా తెల్లవారుజామునో, ఉదయం తొమ్మిది లోపలో గుడ్డు పెడుతుంది. అందుకే ఆ కాలంలో గూడు తలుపు తొందరపడి తీయము. ఒక గుడ్డు తయారుకావడానికి సుమారు ఒక రోజు పడితే, అందులో అధికభాగం పెంకు ఏర్పడడానికే పోతుంది. పెంకులో దాదాపు అంతా సున్నమే. మేతలో సున్నం చాలకపోతే తల్లి ఎముకల నుంచి అది తరలిపోతుంది. గోడ గీకడంలోని అర్థం ఇదే. నలగగొట్టిన ఆల్చిప్పలను వేరే పళ్లెంలో పెడితే కావలసినంత అవే తింటాయి.

ఇక అన్నిటికంటె జాగ్రత్తగా గమనించవలసినది నిశ్శబ్దం. నిరుడు మార్చిలో గౌరి, గంగ ఒకే వారంలో మౌనం వహించాయి. గౌరి తొమ్మిది గుడ్ల మీద కూర్చున్నది. రొమ్ము నూగు పీకి గూటిలో పరచింది. రోజుకు ఒకటి రెండు సార్లు మాత్రమే లేచి, గుడ్లను గడ్డితో కప్పి, గబగబా తిని, నీళ్లలో మునిగి తిరిగి వచ్చేది. ఇది పొదుగు. ప్రొలాక్టిన్ అనే హార్మోను ఆడించే ఆట. కోడిపిల్ల 21 రోజులకు వస్తే బాతుపిల్లకు 28 రోజులు పడుతుంది. పొదుగుకు సరిగా కూర్చోని బాతులు ఉంటాయి గనుకనే, పల్లెల్లో బాతు గుడ్లను కోడి కింద పెట్టే ఆచారం ఏర్పడింది.

గంగ కూడా పొదుగుకే కూర్చున్నదని చూసినవారన్నారు. మా శ్రీమతి ఒప్పుకోలేదు. "పొదుగు బాతు గూడు వదలదు. ఇది గూటికి దూరంగా నిలబడింది, తోక చూడండి" అన్నది. నిజమే. గంగ నిటారుగా నిలబడి, తోక పైకీ కిందికీ ఆడిస్తూ ముక్కుతున్నది. కళ్లు సగం మూతపడ్డాయి. మేత ముట్టలేదు. గుడ్డు అడ్డుపడిందని ఆమె నిశ్చయించింది. ఒక పెద్దమనిషి "రాత్రికి చస్తుంది, ఇప్పుడే కోయించండి" అని సలహా కూడా ఇచ్చాడు. గోరువెచ్చని నీటి తొట్టిలో గంగను అరగంట కూర్చోబెట్టి, గోనె కప్పిన గంపలో పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లాము. డాక్టరుగారు కాల్షియం సూది వేశారు. పొట్ట నొక్కి గుడ్డు తీయడానికి ఎవరూ ప్రయత్నించరాదని, లోపల పగిలితే ప్రాణాంతకమని హెచ్చరించారు. ఆ రాత్రి వెచ్చని చీకటి మూలన ఉంచాము. తెల్లవారుజామున తోలువంటి పలుచని పొరతో గుడ్డు బయటపడింది. గంగ లేచి మొదట నీళ్లు తాగింది.

గౌరి గుడ్లలో ఆరు పిల్లలయ్యాయి. గంగ ఈ ఏడు గుడ్డు పెట్టలేదు. "పెట్టని బాతుకు మేత దండుగ కదా?" అని అడిగేవారున్నారు. గంగ తన వంతు నత్తలు తాను ఏరుతున్నది. గేటు చప్పుడైతే ముందు అరిచేది కూడా అదే. మా ఇంట ఆ లెక్క ఎవరూ వేయలేదు.

కర్మాగారంలో పంపు శబ్దం మారితే మనం దానిని తిట్టము. లాగ్‌బుక్ తెరిచి నిన్నటి షిఫ్టులో ఎలా ఉన్నదో చూస్తాము. మా పిల్లలు గూటి పక్కన ఒక నోటుపుస్తకం వేలాడదీశారు. ఏ బాతు ఎప్పుడు లేచింది, ఎంత తిన్నది, ఎక్కడ నిలబడింది రోజూ రాస్తున్నారు. నిన్నటి పేజీలో తులసి పేరుకు ఎదురుగా ఒకే మాట ఉన్నది: "గోడ గీకింది." ఆల్చిప్పల పళ్లెం ఈ ఉదయమే నింపాము.