బస్టాండ్ పక్క డాక్టరు

మా మామ రిపోర్టు మొదట చదివింది నేనే. 2003లో, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు. ఇంట్లో ఇంగ్లీషు కూడబలుక్కోగలిగేది నేనొక్కణ్ణే కాబట్టి కాగితం నా చేతికొచ్చింది. "ఏం రాసిండ్రు అల్లుడూ?" అన్నాడు. 'రియాక్టివ్' అనే మాట కెమిస్ట్రీ పుస్తకంలో తప్ప ఎక్కడా చూసి ఉండలేదు. పైనున్న హెచ్ఐవీ అనే మూడక్షరాలు మాత్రం తెలుసు. మా ఊరి గోడ మీద వాటి పక్కన పుర్రె బొమ్మ ఉండేది. చెప్పాను. అత్తమ్మ చాయ్ తెచ్చింది. కడుపు బాలేదని చెప్పి తాగలేదు. నా కడుపు బాగానే ఉంది.

మామ లారీ డ్రైవర్. మాది నల్గొండ జిల్లాలో, హైదరాబాద్-విజయవాడ రోడ్డు పక్కన ఒక ఊరు. సర్కారు దవాఖానకు పోదామంటే ఒప్పుకోలేదు. "ఆడ మనూరోళ్ళు కనవడ్తరు" అన్నాడు. బస్టాండ్ పక్కన ఒక ఎంబీబీఎస్ డాక్టరు క్లినిక్ ఉండేది. ఆయన రెండు రకాల మాత్రలు రాశాడు. వాటికి నెలకు ఎంతయ్యేదో నాకు గుర్తులేదు. మామ అమ్మిన అరెకరం ఎన్నాళ్ళొచ్చిందో గుర్తుంది: పద్నాలుగు నెలలు. ఆ తర్వాత మాత్రలు ఆగిపోయాయి.

ఇదంతా జరగడానికి రెండేళ్ళ ముందే, 2001 ఫిబ్రవరిలో, సిప్లా కంపెనీ మూడు మందుల చికిత్సను ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని 'మెడిసిన్స్ సాన్స్ ఫ్రాంటియర్స్' అనే సేవాసంస్థకు చెప్పింది. అప్పటికి అమెరికాలో అదే చికిత్సకు పదివేల డాలర్ల పైనే అయ్యేది. బయటి దేశాలకు మన దేశం నుంచి మందు పోతోంది. మామకి మాత్రం దాన్ని కొనడానికి పొలం కావాల్సి వచ్చింది. సర్కారు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న, దేశం మొత్తం మీద ఎనిమిది ఆసుపత్రుల్లో. మన రాష్ట్రంలో ఒక్క ఉస్మానియాలో. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలీదు. డాక్టరు కూడా చెప్పలేదు.

2005 మేలో బిల్ క్లింటన్ ఢిల్లీ వచ్చినప్పుడు, లక్షా యాభై వేల మంది ప్రైవేటు డాక్టర్లకు హెచ్ఐవీ వైద్యంలో శిక్షణ ఇస్తామని ఆయన ఫౌండేషన్ ప్రకటించింది. ఇప్పుడు చదివితే ఇదేంటి అనిపిస్తుంది. పేదవాళ్ళ జబ్బుకి ప్రైవేటు డాక్టర్లా? కానీ మామ లాంటివాళ్ళు మొదట ఎక్కింది ఆ క్లినిక్ మెట్లే. మనుషులు ఇప్పటికే ఎక్కడికి పోతున్నారో అక్కడికి సరైన వైద్యాన్ని పంపాలన్నది దాని లెక్క.

బస్టాండ్ డాక్టరు వెళ్ళింది ఎవరి శిక్షణకో నాకు తెలీదు. హైదరాబాద్‌లో ఏదో సంస్థ పెట్టిందని మాత్రం మామతో అన్నాడట. తిరిగొచ్చాక మామకి కబురుపెట్టాడు. "నేను రెండు మందులు రాసిన. మూడు రాయాలె. రెండైతే పురుగు మందుకు అలవాటు పడ్తది. అప్పుడు నాకు తెల్వదు" అన్నాడట. ఉస్మానియాకి చీటీ రాసిచ్చి, బస్సు నంబరు కూడా చెప్పాడు. డబ్బులిచ్చే పేషెంటును వదులుకోవడం, అందులోనూ తప్పు ఒప్పుకుని వదులుకోవడం ఏ శిక్షణలో నేర్పుతారో గానీ, మామని బతికించింది అదే. నేను ఇంజినీరింగ్ చదివాను, పదిహేనేళ్ళుగా కోడ్ రాస్తున్నాను. "నేను రాసింది తప్పు" అని ఎదురుగా కూర్చున్న మనిషితో అన్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఉస్మానియాలో ఇచ్చిన మాత్రల్లో స్టావుడిన్ ఉండేది. కొన్నాళ్ళకు మామ చెంపలు లోపలికి పోయాయి, అరికాళ్ళు మండేవి. జబ్బు ముదిరిందనుకుని అందరం భయపడ్డాం. మందు వల్ల వచ్చిందని చెప్పింది మళ్ళీ ఆ బస్టాండ్ డాక్టరే. తర్వాత నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో కూడా ఏఆర్టీ సెంటర్లు వచ్చాయి. మామ మాత్రం హైదరాబాదే పోయేవాడు. దగ్గరైతే దొరికిపోతాడు కదా.

నా రూమ్మేట్‌ది అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా, మక్తల్ దగ్గర. వాళ్ళ ఊర్నించి బొంబాయి, పూనా పనికి పోయేవాళ్ళలో ఒకాయన పండక్కి ఇంటికొచ్చినప్పుడే మందులు తీసుకునేవాడట. సంచీలో మాత్రలు అయిపోతే, మళ్ళీ ఊరికొచ్చేదాకా లేనట్టే. సెంటర్ రికార్డుల్లో అలాంటివాళ్ళని 'లాస్ట్ టు ఫాలోఅప్' అంటారు. నేను ఆఫీసులో డాష్‌బోర్డులు కడతాను. అలాంటి కాలమ్ ఒకటి నేనైనా పెట్టేవాణ్ణే. కానీ అతను తప్పిపోలేదు. ఏదో బిల్డింగ్ పదో అంతస్తులో ఇటుకలు మోస్తున్నాడు.

కథల గురించి అప్పుడప్పుడు రాసేవాణ్ణి కాబట్టి ఒక మాట. నేను చదివిన ఎయిడ్స్ కథల్లో మనిషి రిపోర్టు దగ్గర కూలిపోతాడు, చివరి పేజీలో చచ్చిపోతాడు, పాఠకుడికి నీతి మిగులుతుంది. మామ కథ రిపోర్టు తర్వాత ఇరవయ్యేళ్ళకు పైగా నడుస్తోంది. అందులో ఉన్నవి చీటీలు, బస్సు టికెట్లు, రోజూ రాత్రి ఒక మాత్ర. 2017 నుంచి సీడీ4 ఎంతున్నా చికిత్స మొదలుపెట్టొచ్చు. మామ రోజుల్లో అది 200 కిందికి పడాలనేవాళ్ళు, అంటే సగం కూలిపోయాకే. ఈ మార్పుని కథ చెయ్యడం చావుని చెయ్యడమంత సులువు కాదేమో.

మామ ఇప్పటికీ దగ్గొచ్చినా, జ్వరమొచ్చినా ఆ క్లినిక్‌కే పోతాడు. ఫీజెందుకు దండగ అంటే, "గా బల్ల మీద షుగరోళ్ళు, బీపోళ్ళు అందరు కూసుంటరు. నేనేందో ఎవలకు ఎర్క?" అంటాడు. 2018లో అమల్లోకొచ్చిన చట్టం ప్రకారం అతని విషయం అతని అనుమతి లేకుండా ఎవరూ బయటపెట్టకూడదు. చట్టం హక్కు అన్నదాన్నే మామ ఫీజు కట్టి కొనుక్కుంటున్నాడు.

ఈ వ్యాసం రాస్తానని చెప్పడానికి పోయిన నెల ఊరెళ్ళాను. అత్తమ్మ చాయ్ ఇచ్చింది, తాగాను. ఆనాటి చాయ్ గురించి నేను ఎత్తలేదు. మామ గ్లాసు కింద పెట్టి, "రాస్తె రాయి గని, ఊరి పేరు రాయకు" అన్నాడు.

రాయలేదు.