సముద్రం ఒరిగిపోయిందా? సరిచేద్దాం రండి

మా పొదిలి వాళ్ళకి సముద్రం అంటే కొత్తపట్నమే. పొద్దున్నే బయల్దేరి చీమకుర్తి గ్రానైటు క్వారీలు దాటి ఒంగోలు చేరి, అక్కడ టిఫిన్లు కానిచ్చి ఇంకాస్త దూరం పోతే ఇసుక కాలికి తగులుతుంది. దారి పొడుగునా పొగాకు, మిరప, కంది, మధ్య మధ్యలో జామాయిల్ తోటలు చూసి వచ్చిన కళ్ళకి ఎదురుగా ఒకే ఒక్క అడ్డగీత. పైన ఆకాశం, కింద నీళ్ళు. ఒడ్డున నిలబడ్డ మనిషికి ఆ గీత సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉంటుందంటే నమ్ముతారా?

అంత చక్కటి గీత మన ఫోన్లలోకి వచ్చేసరికి సగానికి సగం వంకరే! సముద్రమంతా ఒక పక్కకి ఒలికిపోతున్నట్టుంటుంది. కారణం పెద్దదేం కాదు. ఒక చేతిలో పిల్లల చెప్పులు, ఇంకో చేతిలో ఫోను. అల వచ్చి కాళ్ళ కింద ఇసుక లాగేస్తుంటే మనం ఒరుగుతాం, మనతో పాటు ఫోనూ ఒరుగుతుంది. పైగా మన చూపంతా మొహాల మీదే. ఎవరు నవ్వారు, ఎవరు కళ్ళు మూశారు అనే గాని వెనక నీళ్ళు ఎవరు చూస్తారు చెప్పండి! ఊళ్ళో తీసిన ఫోటో కాస్త వంగినా తెలియదు, పొలం గట్లు ఎటూ ఏటవాలే. సముద్రం మాత్రం మేస్త్రీ రసమట్టం లాంటిది. పిసరంత తేడా అయినా పట్టిస్తుంది.

సరిచేయడం తేలికే. ఫోటో తెరిచి ఎడిట్ నొక్కండి, అందులో క్రాప్ అని ఉంటుంది. చాలా ఫోన్లలో బొమ్మ కింద టైలరు టేపు మీద ఉన్నట్టు సన్న గీతలు వస్తాయి. వాటిని వేలితో మెల్లగా అటో ఇటో జరపండి. బొమ్మ తిరిగేటప్పుడు దాని మీద గళ్ళు కనిపిస్తాయి. గళ్ళ అడ్డగీతకి సముద్రం గీత సమానంగా రాగానే వేలు తీసేయండి. స్నాప్‌సీడ్ యాప్‌లో రొటేట్ నొక్కితే అదే సరిచేయడానికి చూస్తుంది గాని, నేనైతే నా కన్నునే నమ్ముతాను. దాచుకునేటప్పుడు కాపీగా సేవ్ చేయండి, అసలు ఫోటో జోలికి పోవద్దు.

ఇందులో ఒక నష్టముంది. గుండ్రటి పళ్ళెంలో మైసూరుపాకు చదరంగా కోస్తే అంచులు పోయినట్టు, బొమ్మ తిప్పితే మూలలు పోతాయి. రెండు డిగ్రీలకి పదో వంతు కూడా పోదు. అయిదు డిగ్రీలు తిప్పారంటే మాత్రం దాదాపు అయిదో వంతు ఎగిరిపోతుంది.

మా అత్తగారి ఫోటోతో ఈ లెక్క నాకు బాగా తెలిసొచ్చింది. మిరప కోతలు, గొడ్లు, వంటిల్లు తప్ప ఎరగని మనిషి. డెబ్బై ఏళ్ళ వయసులో, 2019 సంక్రాంతి వెళ్ళాక కొత్తపట్నం తీసుకెళ్తే, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నీళ్ళలో నిలబడి నవ్వింది. ఆవిడ నవ్విన ఫోటో మాకు అదొక్కటే. ఆవిడ పోయాక పటం కట్టిద్దామంటే స్టూడియో అబ్బాయి సముద్రం తీసేసి నీలం తెర పెడతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ సముద్రం చూసే కదా ఆ నవ్వు!

కూర్చుని అయిదు డిగ్రీలు తిప్పాను. సముద్రం సమమైంది, అత్తయ్య ఒరిగింది. ఎడమ మోకాలి నొప్పితో ఆవిడ ఎప్పుడూ కుడి పక్కకి వాలే నిలబడేది. వంకర ఫోటోలోనేమో నిటారుగా కనిపించింది! "అమ్మని నిటారుగానే ఉంచు, సముద్రం ఎటు పోతే మనకేం" అన్నారు మావారు. "మా అమ్మ ఇలాగే నిలబడేది వదినా" అని ఆడపడుచు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దానికి తోడు మూలన కొంగు చివర పట్టుకున్న మనవరాలి చెయ్యి తెగిపోతోంది. చివరికి మూడు డిగ్రీల దగ్గర ఆపాను. చెయ్యి మిగిలింది. సముద్రం ఇంకా కొంచెం ఒరిగే ఉంది, ఉండనీ.

చెరువుల దగ్గర మాత్రం ఈ పద్ధతి పనికిరాదండోయ్. మార్కాపురం దాటి కంభం చెరువు చూడబోతారనుకోండి, అవతలి ఒడ్డు మనకి సూటిగా అడ్డంగా ఉండదు, ఏటవాలుగా దూరం పోతుంది. దాన్ని అడ్డగీత అనుకుని తిప్పారంటే చెట్లన్నీ పడిపోతాయి. అక్కడ నీళ్ళలో నీడలు చూడండి. చెట్టు కొస, దాని నీడ కొస ఒకదాని కింద ఒకటి తూకం గుండు దారంలా నిలువుగా ఉండాలి. గాలి లేని పొద్దున పూటే నీడ తేటగా పడుతుంది కాబట్టి, ఆ రోజుకి టిఫిన్ల సంగతి తర్వాత చూసుకోండి.